దస్తావేజు మీద అడ్రసు

అమ్మలూ,

అక్కడ అమెరికాలో అద్దెకివ్వడానికి ఇల్లు కొని, ఎల్‌ఎల్‌సీ అనే చిన్న కంపెనీ పెట్టి దాని పేరు మీద పెడుతున్నావని మీ అమ్మ చెప్పింది. నా చేతుల్లో పెరిగిన పిల్ల ఇంటి ఓనరవుతోందంటే కడుపు నిండిపోయింది. కానీ "కంపెనీ ఉందిగా, నా పేరు ఎక్కడా రాదు" అన్నావట. వస్తుందే పిచ్చిదానా! ఆ మాట విన్నాక నాకు నిద్ర పట్టలేదు.

వయోమింగ్, డెలావేర్, న్యూ మెక్సికో రాష్ట్రాల్లో కంపెనీ పెట్టేటప్పుడు ఓనరు పేరు పబ్లిక్ కాగితాల్లో రాయక్కర్లేదు. కంపెనీ తరఫున ప్రభుత్వ, కోర్టు కాగితాలు తీసుకునే రిజిస్టర్డ్ ఏజెంటును పెట్టుకో. ఇల్లున్న రాష్ట్రంలో మళ్లీ రిజిస్టర్ చేయించమంటే, ఆ ఫారంలో ఎవరి పేరు అడుగుతారో లాయర్ని ముందే కనుక్కో. లోను నీ సొంత పేరు మీద తీసుకుంటే, ఆ తనఖా పత్రం కౌంటీ (జిల్లాలాంటిది) రికార్డుల్లో నీ పేరుతోనే రికార్డవుతుంది. పన్నుల శాఖ ఐఆర్‌ఎస్‌కీ బ్యాంకుకీ మాత్రం ఉన్నదున్నట్టు చెప్పు, వాళ్ల దగ్గర దాపరికం వద్దు.

నేను దెబ్బతిన్నది వీటిల్లో కాదు. మా అద్దె ఇల్లు కొన్నప్పుడు, క్లోజింగ్ రోజు, అంటే కొనుగోలు పూర్తయ్యే రోజు, సంతకాలు పెట్టీ పెట్టీ చెయ్యి లాగేస్తోంది. పన్ను బిల్లు ఎక్కడికి పంపాలని అడిగితే ఆలోచించకుండా మేముండే ఇంటి అడ్రసు చెప్పేశాను. అది దస్తావేజు మీదకెక్కింది. కౌంటీ రికార్డులు ఎవరైనా చూడొచ్చు కదా!

రెండేళ్ల తర్వాత ఒక రాత్రి తలుపు చప్పుడైంది. మీ అక్క వెళ్లి తీసింది, అప్పుడు దానికి పదకొండేళ్లు. గుమ్మంలో మా అద్దె ఇల్లు ఖాళీ చేసి వెళ్లినాయన. చేతిలో నాలుగు మడతల కాగితం, మా అడ్రసు చుట్టూ నీలం పెన్నుతో గీసిన సున్నా. ఒక్క మాట తూలలేదు. "నా డిపాజిట్ ఎప్పుడిస్తారు?" అన్నాడు, అంతే. వెనకనుంచి వెళ్లి పిల్లని పక్కకి లాగేటప్పుడు నా చేతులు వణికాయి.

ఆయన్ని తప్పుపట్టను. నేనిచ్చిన నంబరుకి ఎన్నిసార్లు చేసినా ఎవరూ ఎత్తలేదట. ఇంకెక్కడికి పోతాడు? నువ్వు కనపడకుండా ఉండాలంటే, అద్దెకున్నవాళ్లకి జవాబిచ్చే ఫోనూ, ఉత్తరాలు తీసుకునే ఇంకో అడ్రసూ ఉండి తీరాలి. మర్నాడే వెళ్లి పన్ను బిల్లు అడ్రసు మార్పించాను, కానీ పాత దస్తావేజు స్కాన్ ఇప్పటికీ అక్కడే ఉంది. రికార్డయిన కాగితాన్ని వెనక్కి తీసుకోలేం తల్లీ.

సంతకానికి ముందు కాగితాలన్నీ ఫొటో తీసి పంపు. ఎంత రాత్రయినా కూర్చుని చూస్తాను. చంటిదాన్ని మాత్రం తలుపు తియ్యనివ్వకు.

నీ పెద్దమ్మ