పిల్లలు తిరిగే చోటికి బూతు రాతల టీషర్టులు వేసుకురావచ్చా? టీషర్టులు ప్రింట్ చేసేవాడిగా నా జవాబు

మీ పోస్టులో మీరు అడిగింది ఇదీ: వాటర్ పార్కు టికెట్ క్యూలో మీ ముందున్న కుర్రాడి టీషర్టు వీపు మీద పెద్ద అక్షరాలతో బూతు మాట ఉంది. మీ పాప అది చదివి అర్థం అడిగింది. మీవారేమో "ఎవరి బట్టలు వాళ్ళిష్టం, మనకెందుకు" అన్నారు. మీరు వెనక నుంచి ఫొటో తీశారు, ఫేస్‌బుక్‌లో పెట్టాలా వద్దా అని ఆలోచిస్తున్నారు. అలాంటి చోటికి అలాంటి బట్టలు వేసుకురావడం తప్పా, లేక నేనే ఎక్కువ ఆలోచిస్తున్నానా అన్నది మీ సందేహం.

మీరేమీ ఎక్కువ ఆలోచించడం లేదు. ఆ రాత ఆ చోటికి తగదు. ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే, ఆ రాతలు పుట్టేది మా టేబుల్ మీదే. దిల్‌సుఖ్‌నగర్ దగ్గర టీషర్టుల ప్రింటింగ్ షాపు నడుపుతున్నాను. కాలేజీ ఫెస్టులు, క్రికెట్ టీములు, బ్యాచిలర్ పార్టీలు, గోవా ట్రిప్పులు, అన్ని రకాల ఆర్డర్లూ వస్తాయి.

ఈ బూతు రాతలు ఈమధ్య ఇంతగా ఎందుకు పెరిగాయో ముందు చెబుతాను. మొదట్లో మా దగ్గర స్క్రీన్ ప్రింటింగ్ ఒక్కటే ఉండేది. ఒక్కో రంగుకీ ఒక్కో ఫ్రేమ్ తయారు చేయాలి కాబట్టి, కనీసం పాతిక ముప్పై పీసులు లేకపోతే గిట్టేది కాదు. అంటే ఏ కాలేజీయో, క్లబ్బో, కంపెనీయో ఆర్డర్ ఇవ్వాలి. ఆ మాటను పదిమంది చూసి సరే అనాలి, డబ్బులు కలెక్ట్ చేసుకోవాలి. ఎవరో ఒకరు "ఇది వద్దురా, ఇంట్లో చూస్తే తంతారు" అనేవాళ్ళు. ఇప్పుడు డీటీఎఫ్ (డైరెక్ట్ టు ఫిల్మ్) అనే పద్ధతి వచ్చింది. ఫిల్మ్ మీద ప్రింట్ తీసి, జిగురు పౌడర్ చల్లి, వేడి చేసి, టీషర్టు మీద పరిచి ప్రెస్ చేస్తే నిమిషాల్లో పని అయిపోతుంది. ఒక్క పీసైనా వేసిస్తాం. రాత్రి ఫోన్‌లో మీమ్ చూస్తూ తోచిన మాట, తిరుప్పూరు నుంచి వచ్చిన నల్ల టీషర్టు మీదకి మర్నాటి మధ్యాహ్నానికల్లా ఎక్కేస్తుంది. ప్రింట్ చేసే నేను తప్ప మధ్యలో ఇంకెవరూ దాన్ని చూడరు. అందుకే ఈ విషయంలో నా బాధ్యత కూడా ఉందని నమ్ముతాను.

ఇంకో సంగతి. బూతు రాతల ఆర్డర్లు ఎక్కువగా వీపు మీదకే అడుగుతారు. అక్కడ ఖాళీ ఎక్కువ, అక్షరాలు పెద్దగా వస్తాయి. వేసుకున్నవాడికి అది కనిపించదు. ఎదురుగా నిలబడి మాట్లాడేవాళ్ళకీ కనిపించదు. చదవక తప్పనిది వెనక నిలబడ్డవాళ్ళకే. క్యూలో పెద్దవాళ్ళ వీపు ఎక్కడుంటుంది? సరిగ్గా ఏడెనిమిదేళ్ళ పిల్లల కళ్ళ ఎదుట.

నాంపల్లి ఎగ్జిబిషన్‌లో, మనం నుమాయిష్ అంటాం కదా, జెయింట్ వీల్ క్యూలో ఇదే జరిగింది. నాతో మా అక్క కూతురు ఉంది, రెండో తరగతి. గుణింతాలు వచ్చిన కొత్తలో పిల్లలు ఎలా ఉంటారో తెలుసు కదా, షాపు బోర్డులు, బస్సు వెనక రాతలు, చిప్స్ ప్యాకెట్లు, కనిపించిందల్లా పైకి చదువుతారు. ముందు నిలబడ్డ అబ్బాయి నల్ల టీషర్టు మీద పసుప్పచ్చ అక్షరాలు. పాప ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ, చివర్లో ఒత్తు దగ్గర ఆగి, మళ్ళీ మొదటి నుంచి కలిపి గట్టిగా చదివేసింది. ఇంత పెద్ద మాట చదివేశానని సంతోషంగా నా మొహంలోకి చూసింది. మా అమ్మ తల పక్కకి తిప్పుకుంది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

ఆ నవ్వు విని పాప బిక్కమొహం వేసింది. తను తప్పు చదివానేమో అనుకుంది. నన్ను ఇప్పటికీ బాధపెట్టేది ఇదే. చదవడం నేర్చుకుంటున్న పిల్ల సరిగ్గా చదివి సిగ్గుపడాల్సి వచ్చింది.

నేను ముందుకెళ్ళి, "తమ్మీ, వెనక చిన్నపిల్లలున్నారు, షర్టు మీదున్నది చదువుతున్నారు. నడుముకి కట్టుకున్న ఆ జాకెట్ కాస్త వేసుకుంటవా?" అన్నాను. పక్కనున్న ఫ్రెండ్ వెంటనే "నీకెందుకన్నా, వాని షర్టు వాని ఇష్టం" అన్నాడు. టీషర్టు వేసుకున్న అబ్బాయి మాత్రం తిరిగి పాపను చూసి, "సారీ అన్నా, అసలు ఆలోచించలే" అని జాకెట్ తొడుక్కున్నాడు. పాపకి నేను చెప్పింది ఇంతే: "నువ్వు సరిగ్గానే చదివావు. అది తిట్టు. కోపమొస్తే కొందరు అంటారు, మనింట్లో అనం." పాప ఇంకేమీ అడగలేదు. మీ పాపకి కూడా ఇలా సూటిగా చెప్పేయండి. దాచేకొద్దీ ఆ మాట మీద మోజు పెరుగుతుంది.

ఆ ఫ్రెండ్ అన్న మాట తీసిపారేయాల్సింది కాదు. మీవారు అన్నదీ అదే. దీని మీద అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన కేసు ఒకటుంది. 1968లో, వియత్నాం యుద్ధం నడుస్తున్నప్పుడు, పాల్ కోహెన్ అనే యువకుడు బలవంతపు సైనిక భర్తీని బూతు మాటతో తిడుతూ రాసి ఉన్న జాకెట్ వేసుకుని లాస్ ఏంజెలెస్ కోర్టు భవనంలోకి వెళ్ళాడు. వరండాలో ఆడవాళ్ళు, పిల్లలు ఉన్నారు. అరెస్టు చేసి 30 రోజుల శిక్ష వేశారు. 1971లో సుప్రీంకోర్టు 5-4 తేడాతో ఆ శిక్ష కొట్టేసింది. చూడలేనివాళ్ళు కళ్ళు పక్కకి తిప్పుకోవచ్చు అని తీర్పు రాసిన జస్టిస్ హార్లన్ అభిప్రాయం. ఆ తీర్పు సరైనదనే నేనూ అనుకుంటాను. ఒక మాట నచ్చలేదని ప్రభుత్వం మనిషిని జైల్లో పెట్టకూడదు. అందులోనూ అది యుద్ధం మీద నిరసన.

కానీ అదే కేసులో ఒక చిన్న వివరం ఉంది, దాన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. కోర్టు హాల్లో అడుగుపెట్టే ముందు కోహెన్ ఆ జాకెట్ విప్పి, మడిచి చేతి మీద వేసుకున్నాడు. బయటికి వచ్చాకే అరెస్టు చేశారు. తన హక్కు కోసం చివరిదాకా పోరాడిన మనిషికి కూడా ఏ గదిలో ఎలా ఉండాలో తెలుసు. నేను కుర్రాళ్ళని అడిగేది అంతకు మించి ఏమీ లేదు. ఇక కళ్ళు తిప్పుకోవడమంటారా, వరండాలో నడిచిపోయేవాళ్ళకి కుదురుతుంది. అరగంట క్యూలో అదే వీపు వెనక నిలబడ్డ ఏడేళ్ళ పిల్లకి ఎలా కుదురుతుంది?

మన దగ్గర చట్టం సంగతి కూడా చెబుతాను, ఎందుకంటే మీ పోస్టు కింద ఎవరో "పోలీస్ కంప్లైంట్ ఇవ్వండి" అన్నారు. భారతీయ న్యాయ సంహితలో 296వ సెక్షన్ ఉంది, పాత ఐపీసీలో 294 అనేవాళ్ళం. బహిరంగ ప్రదేశంలో ఇతరులకు చికాకు కలిగేలా అశ్లీలమైన పని చేసినా, అశ్లీలమైన పాటలు పాడినా, మాటలు అన్నా మూడు నెలల దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా. బట్టల మీది రాత గురించి అందులో ప్రత్యేకంగా లేదు. పైగా 2024లో ఒక వెబ్ సిరీస్ కేసులో, తిట్లూ మోటు మాటలూ ఉన్నంత మాత్రాన అశ్లీలం అయిపోదని మన సుప్రీంకోర్టు చెప్పింది. చట్టం ఎలా ఉన్నా, టీషర్టు కోసం పంతొమ్మిదేళ్ళ పిల్లాడిని స్టేషన్ మెట్లు ఎక్కించడం నాకు ఇష్టం లేదు. వద్దు.

దీన్ని చూసుకోవాల్సింది పార్కు యాజమాన్యం. టికెట్ పెట్టి లోపలికి రానిచ్చే ప్రైవేటు చోటికి రూలు పెట్టుకునే హక్కు ఉంది, ముందే చెబితే ఎవరికీ అవమానం ఉండదు. ఫ్లోరిడాలోని డిస్నీ వరల్డ్ రూల్స్‌లో, బూతు మాటలు, అసభ్యమైన బొమ్మలు ఉన్న బట్టలతో వస్తే లోపలికి రానివ్వకపోవచ్చు అని రాసే ఉంటుంది. మాటల స్వేచ్ఛ గురించి అంత పట్టింపు ఉన్న దేశంలోనే అది ఉంది, అక్కడికి వెళ్ళే మన కుటుంబాలూ దాన్ని పాటిస్తూనే ఉన్నాయి. తిరుమలలో కల్యాణోత్సవానికి పంచె, చీర లాంటి సంప్రదాయ దుస్తులు అంటే కుర్రాళ్ళు మారు మాట్లాడకుండా కట్టుకుని వస్తారు, ఎందుకంటే ఇంట్లో బయల్దేరేటప్పుడే తెలుసు. మన వాటర్ పార్కుల్లో నైలాన్ డ్రెస్ లేకుండా పూల్‌లోకి దిగనివ్వని రూలుని అంత కచ్చితంగా అమలు చేస్తారు కదా, పక్కనే ఈ ఒక్క లైను రాయడానికి ఏం కష్టం? రాత ఉన్న షర్టుతో ఎవరైనా వస్తే వెనక్కి పంపక్కర్లేదు. తిరగేసి తొడుక్కోమంటే చాలు.

అయితే ఏది అభ్యంతరకరం అన్న దగ్గర జాగ్రత్తగా ఉండాలి. ఇక్కడే మనవాళ్ళు దారి తప్పుతారు. ఒకసారి కొందరు అమ్మాయిలు ఆరోగ్యం మీద అవగాహన నడక కోసం టీషర్టులు వేయించుకున్నారు. "నెలసరికి సిగ్గెందుకు?" అని మాత్రమే రాసి ఉంది. పార్కులో వాకింగ్‌కి వచ్చిన పెద్దాయన ఒకరు "పిల్లలు తిరిగేచోట ఇవేం రాతలు" అని కేకలేశారట. వాళ్ళు వచ్చి చెబితే నాకు చాలా కోపం వచ్చింది. అందులో ఎవర్నైనా తిట్టారా? పిల్లలు చదివి అర్థం అడిగితే తల్లిదండ్రులకి కాస్త ఇబ్బందిగా ఉండొచ్చు, కానీ అది చెప్పాల్సిన జవాబే. మనకి ఇబ్బందిగా ఉండటం వేరు, అవతలి మనిషిని కించపరచడం వేరు.

దీనికి పూర్తిగా వ్యతిరేకంగా, ఒక్క బూతు మాట లేకుండా ఘోరంగా రాయొచ్చు. 2023లో లండన్ వెంబ్లీ స్టేడియంలో ఎఫ్ఏ కప్ ఫుట్‌బాల్ ఫైనల్‌కి ఒకతను 97 నంబరు, దాని మీద "ఇంకా చాలలేదు" అనే అర్థం వచ్చే మాట ఉన్న జెర్సీ వేసుకొచ్చాడు. 1989లో హిల్స్‌బరో స్టేడియంలో జనం ఒత్తిడికి నలిగిపోయిన ఘటన వల్ల చనిపోయిన లివర్‌పూల్ అభిమానుల సంఖ్య 97. అక్కడి చట్టం ప్రకారం వెయ్యి పౌండ్ల జరిమానా వేసి, నాలుగేళ్ళు ఫుట్‌బాల్ మ్యాచులకి రాకుండా నిషేధించారు. చనిపోయిన పిల్లల తల్లిదండ్రులు ఆ అంకె చూస్తే వాళ్ళకి ఎలా ఉంటుంది? నా షాపులోనూ, ఒక ఫెస్ట్ ఆర్డర్‌లో తమ క్లాసు అమ్మాయి పేరు పెట్టి వెకిలి మాట రాసుకొచ్చారు. పెద్ద ఆర్డర్. వేయనన్నాను. "మేం డబ్బులిస్తున్నాం కదన్నా" అన్నారు. ఆ అమ్మాయి అన్న ఇదే షాపుకి వస్తే నేనేం చెప్పాలి అని అడిగితే మాట్లాడలేదు, వేరే షాపుకి వెళ్ళిపోయారు. మామూలు తిట్టు కంటే మనిషిని, కులాన్ని, ఆడవాళ్ళని గురిపెట్టిన రాత వంద రెట్లు చెడ్డది. అది కుటుంబాలు వచ్చే చోటే కాదు, ఎక్కడా వద్దంటాను.

ఈ రూలుని బట్టల పొడవు దాకా లాగకండి. మీ పోస్టు కింద ఒకరిద్దరు అప్పుడే "ఆడపిల్లల డ్రెస్సుల సంగతేంటి" అని మొదలుపెట్టారు. దానికీ దీనికీ సంబంధం లేదు. స్లీవ్‌లెస్ వేసుకున్న అమ్మాయి ఎవర్నీ ఏమీ అనడం లేదు. వీపు మీది రాత అంటోంది. నేను మాట్లాడుతున్నది ఆ అనడం గురించే.

ఇంకా, వేసుకున్నవాళ్ళంతా కావాలని వేసుకోరు. కోఠి ఫుట్‌పాత్ మీద ఎక్స్‌పోర్ట్ సరుకు అని కుప్పపోసి అమ్మే టీషర్టుల మీద ఏం రాసుందో చూడకుండా, గుడ్డ బాగుందని కొనేవాళ్ళు ఎందరో. మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ యాదన్న ఒకటి వేసుకుని మనవడిని స్కూల్లో దింపడానికి వెళ్తుంటే పక్కకి పిలిచి చెప్పాను. ఆయన పాపం అక్కడికక్కడే బిగుసుకుపోయాడు. అందుకే మొదటి మాట ఎప్పుడూ మెల్లగా, పక్కకి పిలిచి అనాలి. గుంపుగా ఉన్న కుర్రాళ్ళతో, తాగి ఉన్నారనిపిస్తే, మీరు నేరుగా మాట్లాడకండి. స్టాఫ్‌కి చెప్పండి. స్టాఫ్ పట్టించుకోకపోతే ఇంటికొచ్చాక పార్కు మేనేజర్‌కి మెయిల్ పెట్టండి: తేదీ, గేటు, ఏం జరిగింది, ఏ రూలు కావాలి. నలుగురు పేరెంట్స్ కలిసి రాస్తే కదులుతారు, మా షాపుకి బల్క్ ఆర్డర్లిచ్చే ఒక ప్లే జోన్ అలాగే బోర్డు పెట్టింది.

ఆ ఫొటో మాత్రం పెట్టకండి. వెనక నుంచి తీసినా వాళ్ళ కాలేజీ వాళ్ళు, చుట్టాలు గుర్తుపడతారు. సాయంత్రానికి ఆ పిల్లాడి ఇంటి అడ్రస్ కూడా కామెంట్లలో ఉంటుంది, వాళ్ళ అమ్మానాన్నల్ని కూడా తిడతారు. అప్పుడు మీ పాప చదివిన ఒక్క మాటకి బదులు కొన్ని వందల బూతులు మీ పేజీ మీదే కనిపిస్తాయి. మేనేజర్‌కి పంపే మెయిల్‌కి జతచేయాలంటే మొహం, పక్కవాళ్ళు కనిపించకుండా రాత వరకే కత్తిరించి పంపి, తర్వాత డిలీట్ చేసేయండి.