ముందు ఉత్ప్రేరకం వేయని ఫ్లాస్కు పెట్టి చూడండి

ఆక్సిజన్‌తో హైడ్రోకార్బన్లను ఆక్సీకరించే ఉత్ప్రేరకాలైన పాలీఆక్సోమెటలేట్ల (లోహ, ఆక్సిజన్ పరమాణువులు గుత్తిగా అల్లుకున్న క్లస్టర్ల) మీద పీహెచ్‌డీ చేయవచ్చా, అవి నిజంగా పనిచేస్తాయా అని అడిగారు. చేయవచ్చు, ఉత్ప్రేరకం లేని ఫ్లాస్కును ప్రతిసారీ పక్కనే నడిపే ఓపిక ఉంటే.

హైదరాబాదులో నేను పీహెచ్‌డీ చేస్తున్న రోజుల్లో ఒక జూనియర్ ఈ జాతిదే అయిన ఫాస్ఫోమాలిబ్డిక్ ఆమ్లంలో రెండు మాలిబ్డినంల స్థానంలో వెనేడియం ఎక్కించిన రకాన్ని తయారుచేశాడు. ఆ తయారీయే పెద్ద తతంగం. చివర్లో సల్ఫ్యూరిక్ ఆమ్లం పోసి ఈథర్‌తో కుదిపితే మూడు పొరలు కడతాయి, మనకు కావలసింది నడిమి పొర. ఈథర్ 35 డిగ్రీల లోపే మరుగుతుంది. మే నెలలో మా గది అంతకంటే వేడి. సెపరేటింగ్ ఫన్నెల్ మూత వదిలినప్పుడల్లా బుస్సుమనేది. ఏసీ పరికరాల గదికే ఉండేది, మనుషులకు అక్కర్లేదు కాబోలు.

ఆ నారింజ రంగు పొడిని చిటికెడు సైక్లోహెక్సీన్‌లో వేసి, ఆక్సిజన్ బెలూన్ తగిలించి, 70 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచాడు. "అక్కా, సగానికి పైగా మారిపోయింది" అంటూ గ్రాఫు తెచ్చాడు. చూస్తే అంతా సైక్లోహెక్సెనోన్, సైక్లోహెక్సెనాలే; ద్విబంధానికి ఆక్సిజన్ అతుక్కుంటే వచ్చే ఎపాక్సైడు నామమాత్రం. ద్విబంధాన్ని వదిలేసి పక్క కార్బన్ మీది హైడ్రోజన్ పోయిందంటే అది ఫ్రీ రాడికల్ (జతలేని ఎలక్ట్రాన్ ఉన్న చురుకైన ముక్క) చేతివాటమే. అదే సీసాలోంచి సైక్లోహెక్సీన్ తీసి, పొడి వేయకుండా నడపమన్నాను. మర్నాడు అందులోనూ అవే రెండు పీకులు, కాస్త పొట్టిగా! సీసాలోని ద్రవానికి ఎసిటిక్ ఆమ్లం, పొటాషియం అయోడైడ్ కలపగానే గోధుమరంగు తిరిగింది. ఎప్పుడో మూత తీసిన సీసా, నిండా పెరాక్సైడే. అల్యూమినా కాలమ్ గుండా దించి మళ్లీ పెడితే, పొడి ఉన్న ఫ్లాస్కు కూడా చాలాసేపు ఉలకలేదు, పలకలేదు. ఆ తర్వాత ఒక్కసారిగా అందుకుంది. పొడి చేస్తున్నదల్లా హైడ్రోపెరాక్సైడును విరగ్గొట్టి గొలుసు చర్యను ఎగదోయడం. ఆ మాత్రం పనికి కోబాల్ట్ లవణం చాలు; ఫ్యాక్టరీల్లో సైక్లోహెక్సేన్‌ను అలాగే ఆక్సీకరిస్తారు. అక్కడా ఒక విడతలో కొద్ది శాతమే మారనిస్తారు, పుట్టిన ఆల్కహాలు, కీటోన్ అసలు సరుకు కంటే సులువుగా ఆక్సీకరణం చెందుతాయి కనుక.

ఇంకో మంట ఉంది నాకు. హైడ్రోపెరాక్సైడు జీసీ (గ్యాస్ క్రొమటోగ్రాఫ్, మిశ్రమాన్ని విడదీసి కొలిచే పరికరం) వేడి ఇంజెక్టర్‌లో విరిగి ఆల్కహాలుగానో కీటోన్‌గానో కనిపిస్తుంది. హైడ్రోపెరాక్సైడును ముందే ఆల్కహాలుగా మార్చేసే ట్రైఫినైల్‌ఫాస్ఫీన్ కలపక ముందొకసారి, కలిపాక ఒకసారి ఎక్కించి చూడమని రష్యా శాస్త్రవేత్త షుల్‌పిన్ ఏనాడో చెప్పారు. నేను తిరగేసిన పేపర్లలో సగానికి సగం ఆ ఊసే ఎత్తవు. పైగా 99 శాతం సెలెక్టివిటీ (మారినదాంట్లో కోరిన పదార్థం వాటా) అని శీర్షికలోనే పెడతారు. ఎంత మారిందో మాత్రం పట్టికలో వెతుక్కోవాలి.

చిన్న ల్యాబులకే ఈ తిప్పలు అనుకోకండి. ఇజ్రాయెల్‌లో న్యూమన్ బృందం రుథేనియం చేర్చిన క్లస్టర్ ఆక్సిజన్‌లోని రెండు పరమాణువులనూ అడమాంటేన్ అనే హైడ్రోకార్బన్ మీదికి చేరుస్తుందని 1997లో 'నేచర్'లో ప్రకటించింది. అమెరికాలో ఫింకే బృందం మళ్లీ చేసి చూసి, అది మామూలు రాడికల్ గొలుసేనని 2005లో తేల్చింది. అలాగని మొత్తం బూటకమనను. పైన చెప్పిన వెనేడియం రకంతో న్యూమన్ బృందమే ఆంత్రసీన్ మీద చేసిన పని నా దృష్టిలో గట్టిది. అక్కడ క్లస్టర్ తన ఒంట్లోని ఆక్సిజన్‌నే ఇచ్చేస్తుంది, ఆ ఖాళీని బయటి ఆక్సిజన్ పూడుస్తుంది. ఐసోటోపు గుర్తు పెట్టి చూపించారు కూడా. మెథాక్రోలిన్‌ను మెథాక్రిలిక్ ఆమ్లంగా మార్చే జపాన్ ప్లాంట్లలో 1980ల నుంచీ ఈ జాతి ఫాస్ఫోమాలిబ్డేట్లే వాడుతున్నారు.

చేరే ముందు ఆ గైడ్‌ను ఒక్కటే అడగండి: బ్లాంక్ (ఉత్ప్రేరకం వేయని) ప్రయోగాలకు కొత్త సీసా కొనిస్తారా అని. ఆక్సిజన్ సిలిండర్ రెగ్యులేటర్ మరలకు నూనె రాసే ల్యాబయితే ఏమీ అడగకుండానే మెట్లు దిగి వచ్చేయండి, అది అంటుకుంటుంది.