ఈనిన ఆవు వెనుక కాళ్లు పక్కలకు జారిపోతుంటే

ప్రశ్న: మా తొలిచూలు సంకరజాతి ఆవు మొన్న ఈనింది. దూడ పెద్దది కావడం వల్ల నలుగురం తాళ్లు కట్టి లాగాము. ఆవు మేత తింటోంది, నెమరు వేస్తోంది. లేపితే లేస్తోంది కానీ, కొట్టంలో నాపరాళ్ల మీద వెనుక కాళ్లు రెండూ పక్కలకు జారిపోతున్నాయి. కుడి కాలి గిట్ట వెనక్కి మడతపడుతోంది. దూడ ఎడమ వెనుక కాలి మీద నిలబడలేకపోతోంది. కాల్షియం ఎక్కించినా గుణం కనిపించలేదు. మా బావగారికి సయాటికాకు ఇచ్చిన మాత్రలు దీనికి పనిచేస్తాయా? – ఒక పాడి రైతు, గుంటూరు జిల్లా

జవాబు: రక్తంలో కాల్షియం తగ్గి పాలజ్వరం వచ్చిన పశువు మందకొడిగా ఉండి, చెవులు చల్లబడి, మెడ పక్కకు తిప్పి పడుకుంటుంది. మీ ఆవు చురుకుగా మేస్తూ, కాళ్ల మీద అదుపు మాత్రమే కోల్పోయింది కనుక ఇది నాడులకు తగిలిన దెబ్బగా కనిపిస్తోంది. రక్తపరీక్ష చేయించకుండా మళ్లీ మళ్లీ కాల్షియం ఎక్కించకండి, అది గుండెకు ప్రమాదం.

తొడలను లోపలికి, అంటే ఒకదాని వైపు మరొకటి లాగి ఉంచే కండరాలకు అబ్ట్యురేటర్ నాడి ఆజ్ఞలు అందిస్తుంది. ఈ నాడి తుంటి ఎముక లోపలి గోడను ఆనుకొని దిగుతుంది కాబట్టి, ఇరుకు దారిలో పెద్ద దూడ ఇరుక్కున్నప్పుడు ఎముకకూ దూడకూ మధ్య నలుగుతుంది. అయితే కాళ్లు ఇలా చీలిపోవడానికి ఈ ఒక్క నాడే కారణమని అనుకోవడం సరికాదు. కాక్స్, ఆయన సహచరులు 1975లో ప్రచురించిన పరిశోధనలో రెండు వైపులా అబ్ట్యురేటర్ నాడిని కోసిన ఆవులు కూడా జారని నేల మీద నిలబడి నడవగలిగాయి. ఆవుకు నడుము వెన్నుపూసలు 6, మనిషికి 5. ఆవులో ఆ ఆరో నడుము నాడి త్రికాస్థి (నడుముకూ తోకకూ మధ్య ఉండే ఎముక) ముందు అంచు మీదుగా సాగి, వెనుక కాలికి వెళ్లే పెద్ద నాడి అయిన సయాటిక్ నాడిలో కలుస్తుంది. దూడ ఒత్తిడి దాని మీద కూడా పడుతుంది. మీ ఆవుకు రెండూ దెబ్బతిని ఉండవచ్చు, నాపరాళ్ల నేల ఆ లోపాన్ని మరింత పెంచుతోంది.

కుడి గిట్ట మడతపడటం ఈ అభిప్రాయానికి బలం ఇస్తోంది. సయాటిక్ నాడి కిందికి వచ్చి టిబియల్, పెరోనియల్ అని రెండుగా చీలుతుంది. గిట్టను ముందుకు సాచే కండరాలు పెరోనియల్ శాఖ అధీనంలో ఉంటాయి. ఈ శాఖ మోకాలి బయటి వైపు చర్మం కిందే సాగుతుంది కాబట్టి, గట్టి నేల మీద ఎక్కువసేపు ఒకే పక్కకు పడుకున్నా నలుగుతుంది. గిట్ట పైకీలుకు ముందు, వెనుక వేరువేరుగా గిల్లి చూడండి. ముందు వైపు మాత్రమే స్పర్శ లేకపోతే దెబ్బ ఈ శాఖకు తగిలిందని భావించవచ్చు. మనుషుల్లో కూడా కష్టమైన ప్రసవం తర్వాత కొందరు తల్లులకు పాదం వాలిపోవడం ఇలాంటి ఒత్తిడి వల్లనే.

దూడ విషయం వేరు. లాగేటప్పుడు దూడ తుంటి తల్లి కటి దగ్గర చిక్కుకుంటే, దాని వెనుక కాలు విపరీతంగా వెనక్కి సాగి, నడుము కింది కండరంలో నుంచి వెళ్లే ఫెమొరల్ నాడి సాగుతుంది లేదా తెగుతుంది. ఈ నాడి తొడ ముందరి పెద్ద కండరాన్ని నడిపిస్తుంది. అది పనిచేయకపోతే మోకాలి చిప్ప నిలవక, బరువు పడగానే కాలు కూలిపోతుంది. తుంటి ఎముక విరిగిందేమో, కీలు తొలిగిందేమో ముందుగా పరీక్ష చేయించండి.

మీ బావగారి మాత్రలు పెట్టవద్దు. నాడి పేరు ఒకటే అయినా, ఆయనకు వచ్చేది సాధారణంగా వెన్నుపూసల దగ్గర నాడి మూలం నొక్కుకోవడం వల్ల కలిగే నొప్పి. అవి డైక్లోఫెనాక్ మాత్రలైతే మరీ జాగ్రత్త, ఎందుకంటే ఆ మందు వాడిన పశువుల కళేబరాలు తిని రాబందులు చనిపోతున్నందున పశువులకు ఆ మందు వాడకాన్ని మన దేశంలో 2006లో నిషేధించారు. వాపు, నొప్పి తగ్గడానికి మెలాక్సికామ్ వంటివి పశువైద్యుని సలహాతోనే వాడాలి.

ఈ రోజే ఆవును నాపరాళ్ల మీద నుంచి మందంగా ఇసుక లేదా మట్టి పరచిన చోటికి మార్చండి. వెనుక కాళ్లకు గిట్ట పైకీలు పైన మెత్తని గుడ్డ చుట్టి, అడుగు వేయడానికి వీలుగా మూరెడున్నర ఎడంతో తాడు కట్టండి. కాళ్లు మరీ ఎడమైతే తొడ కండరాలు చిరిగిపోతాయి, ఆ తర్వాత లేపడం కష్టం. పడుకుంటే మూడు, నాలుగు గంటలకొకసారి పక్క మార్చండి. సొంత బరువు కింద నలిగిన తొడ కండరం కొన్ని గంటల్లోనే చచ్చుబడటం మొదలవుతుంది. మడతపడే గిట్టకు దూది పెట్టి కట్టు కట్టండి. దూడకు రోజూ కాలు మడిచి చాచే మర్దన చేయండి, జున్నుపాలు తప్పక తాగించండి.

నాడి నలిగిపోయి మాత్రమే ఉంటే కొన్ని రోజుల నుంచి కొన్ని వారాల్లో కోలుకుంటుంది. లోపలి తంతువులు తెగితే అవి రోజుకు సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున మాత్రమే పెరుగుతాయి, కాబట్టి నెలలు పడుతుంది. దూడ తొడ ముందరి కండ వారం, పది రోజుల్లో బాగా కరిగిపోతే ఆశ తక్కువ. ఆవు లేవడం మానేసినా, మేత తగ్గినా 1962కు ఫోన్ చేసి సంచార పశు వైద్య వాహనాన్ని పిలిపించండి.