మంగళవారం కలెక్షన్ ఎంత?

చిరంజీవి అల్లుడికి, చిత్తూరు నుంచి మామ ఆశీస్సులు.

తిరుపతి–హైదరాబాద్ రూట్లో ఏసీ స్లీపర్ దించుతానని రాశావు. వద్దనను. ఇన్నేళ్లు బస్సుల మీదే అన్నం తిన్నవాణ్ణి, ఏ మొహం పెట్టుకుని వద్దంటాను? కానీ నువ్వు పంపిన లెక్కలో ఉన్నవన్నీ శుక్ర, ఆదివారాల కలెక్షన్లే. ఆ రెండు రాత్రులు ఎవడి బండైనా నిండుతుంది, ఏడుకొండలవాడే నింపుతాడు. నువ్వు చూడాల్సింది మంగళవారం.

కాగితం తీసుకో. దూరం దాదాపు 560 కిలోమీటర్లు. ఏసీ స్లీపర్ లీటరుకు నాలుగు కిలోమీటర్లు ఇచ్చిందంటే మంచి బండే. 140 లీటర్లు, లెక్క సులువుగా ఉండడానికి లీటరు వంద వేసుకో, డీజిలుకే 14 వేలు. టోల్‌గేట్లు, ఇద్దరు డ్రైవర్ల బత్తా, క్లీనరు, బుకింగ్ యాప్ కమిషన్ దానికి పైన. మంగళవారం 36 బెర్తుల్లో 12 నిండి, టికెట్ 700 పలికిందనుకో, చేతికొచ్చేది 8,400. బండి కదిలితే డీజిలుకు చాలదు, కదలకపోయినా ఫైనాన్స్ కంతు ఆగదు. ఇన్సూరెన్స్, సీటు లెక్కన మూడు నెలలకోసారి కట్టే టాక్స్ నేనింకా కలపనే లేదు.

ఇంకో మాట. ఒక్క బండితో సర్వీసు నడవదు. ఈ రాత్రి నీ బండి హైదరాబాద్ పోతే రేపు రాత్రి తిరుపతిలో ఎక్కేవాడికి బండేదీ? రోజూ ఉండాలంటే రెండు కావాలి, ఒకటి పైకి, ఒకటి కిందికి. అందులో ఒకటి దారిలో ఆగిపోతే మూడోది ఎవరినైనా అడుక్కోవాలి. రోజు విడిచి రోజు నడిపే బండిని జనం గుర్తుపెట్టుకోరు.

పోటీ సంగతి నీకు ఫోన్లోనే కనిపిస్తుంది. ఏదో ఒక మంగళవారం సాయంత్రం అయిదింటికి యాప్ తెరిచి కూర్చో. 899 ఉన్న టికెట్ ఆరుకు 749 అవుతుంది, ఏడున్నరకు 599. ముందు తగ్గించేది ఎప్పుడూ పెద్దోడే. నలభై బండ్లున్నవాడు ఈ రూట్లో పోయింది ఇంకో రూట్లో రాబట్టుకుంటాడు. వాణ్ణి చూసి నువ్వూ తగ్గిస్తే నీ ఇంజనాయిల్ డబ్బులు కూడా ప్యాసింజరుకే ఇచ్చి పంపినట్టు. డీజిలు, టోలు, బత్తా కలిపి నీ కనీస రేటు ముందే రాసిపెట్టుకో, దాని కిందికి దిగొద్దు. బుకింగులు అంతకీ రాకపోతే నీలాంటి చిన్న ఓనరుతో ముందే మాట్లాడుకుని ప్యాసింజర్లను ఒకే బండిలో పంపించండి. ఆ సంగతి వాళ్లకు మధ్యాహ్నమే ఫోన్ చేసి చెప్పాలి. రాత్రి తొమ్మిదింటికి లీలామహల్ సర్కిల్లో పిల్లాజెల్లతో, మూటలతో నిలబెట్టి క్యాన్సిల్ అన్నావంటే నీ రేటింగ్ మళ్లీ లేవదు.

సంక్రాంతికి టికెట్ మూడు వేలు పలికిందని మురిసిపోకు. పండక్కి ముందు హైదరాబాద్ నుంచి వచ్చే బండే నిండుతుంది, తిరుగుబండి ఖాళీ. పండగయ్యాక అదే తిరగబడుతుంది. ఆ రేటు రెండు ట్రిప్పులకు కలిపి వచ్చినట్టు లెక్క. నారాయణాద్రి, వెంకటాద్రి రైళ్లలో వెయిటింగ్ లిస్టు ఉన్నన్నాళ్లే మన బెర్తుకు గిరాకీ, అదీ గుర్తుంచుకో.

పగలు మదనపల్లెకు తిప్పుదామన్న నీ రెండో ఆలోచన మాత్రం ఇప్పుడే మానుకో. నీకొచ్చేది కాంట్రాక్ట్ క్యారేజ్ పర్మిట్, అంటే ముందే మాట్లాడుకున్న ప్యాసింజర్లను ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి చేర్చడానికే. దారిపొడవునా ఎక్కించి దించాలంటే స్టేజ్ క్యారేజ్ ఉండాలి. పైగా 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద ఆర్టీసీ పల్లెవెలుగులో, ఎక్స్‌ప్రెస్‌లో ఆడవాళ్లకు టికెట్టే లేదు. ఉచితంతో ఏం పోటీ పడతావు?

సెకండ్ హ్యాండ్ బండి చవగ్గా వస్తోందన్నావు కదా. ఎందుకు వస్తోందో అడిగావా? 2025 అక్టోబరులో కర్నూలు దగ్గర స్లీపర్ బస్సు తగలబడి 19 మంది ప్రయాణికులు పోయారు. 2013లో పాలెం దగ్గర 45 మంది. కర్నూలు తర్వాత రవాణా శాఖ వాళ్లు బండ్లను గట్టిగా చూస్తున్నారు. సీటరుగా రిజిస్టరై తర్వాత బెర్తులు బిగించినవి, ఎక్కడో నాగాలాండ్ నంబరుతో ఇక్కడ తిరిగేవి, ఇలాంటి వాటిని వదిలించుకోవాలని చూసేవాళ్లు ఉంటారు. నువ్వు చూసిన బండిలో వెనక ఎమర్జెన్సీ డోర్ నీ చేత్తో తీసి చూడు. దానికి అడ్డంగా బెర్తు ఉంటే బేరం ఆడకుండా వెనక్కి వచ్చెయ్. డిక్కీలో పార్సిళ్లు వేస్తే మంగళవారం లోటు పూడుతుందని నీకెవరో చెప్పే ఉంటారు, నాకూ చెప్పారు. మనుషులు పడుకున్న చోట కింద ఏముందో తెలియని పెట్టె ఎక్కించొద్దు.

నన్నడిగితే మొదటి బండి కంపెనీ షిఫ్టుకు పెట్టు. శ్రీసిటీ, రేణిగుంట ఫ్యాక్టరీలకు పొద్దున, రాత్రి మనుషుల్ని తోలే బస్సులు కావాలి. బిల్లు ఆలస్యం కావచ్చు గానీ వారంలో ఏ రోజైనా రేటు ఒకటే. లేదంటే ఆర్టీసీ అద్దె బస్సుల టెండరు చూడు. బండి, డ్రైవరు నీవి, కండక్టరు వాళ్లవాడు, డబ్బు కిలోమీటరు లెక్కన వస్తుంది. మిగిలేది తక్కువే, కానీ సీట్లు నిండాయా లేదా అన్న దిగులు నీది కాదు. ఆ ఆదాయంలో కంతులు సక్రమంగా కట్టగలిగితే, అప్పుడు స్లీపర్ మాట మాట్లాడదాం. ఈలోపు మీ అమ్మ నగల జోలికి పోవద్దు.

ఆదివారం ఇంటికి రా. ఆ బండి ఆర్‌సీ, ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్), పర్మిట్ జిరాక్సులు పట్టుకురా. నేను చూసేదాకా అడ్వాన్స్ ఇవ్వకు.

మీ మామ