దానిమ్మ జ్యూస్ తాగినా బీపీ 150 దగ్గరే ఎందుకుంది?

మీ నాన్నగారు జ్యూస్ మొదలుపెట్టి బీపీ మాత్ర మానేశారన్నారు, కారణం చాలావరకు అదే. దానిమ్మ రసం బీపీని కాస్త తగ్గిస్తుందేమో గానీ మాత్రకు బదులు కాదు.

1. డాక్టరును అడిగి మాత్ర మళ్లీ మొదలుపెట్టించండి. ఇది ఆలస్యం చేయొద్దు.

2. తిరుపతి బస్టాండు దగ్గర బండి మీద తాగుతున్నారా? మిక్సీలో వేసే ముందే "చక్కెర, ఉప్పు వద్దన్నా" అని చెప్పాలి. బత్తాయి రసంలోనైతే అడక్కుండానే చిటికెడు ఉప్పు పడిపోతుంది. ఇంట్లో గింజలు ఒలిచి పెడితే ఇంకా నయం.

3. అందరూ వదిలేసేది ఇది: మాత్ర టెల్మిసార్టాన్ రకమైతే రక్తంలో పొటాషియం పెరగొచ్చు. దానికితోడు రోజూ పళ్లరసం, కొబ్బరినీళ్లు అంటే, కిడ్నీలు బలహీనంగా ఉన్నవాళ్లకు ప్రమాదం. ముందు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పేది), పొటాషియం రక్త టెస్టులు చేయించండి.

ఊరగాయ సంగతి మీరు రాయలేదు. అదీ తగ్గించాలి.