ఉప్పల్ కేవీ వెయిటింగ్ నంబర్ కదలకపోతే

ఉప్పల్ కేంద్రీయ విద్యాలయం (కేవీ)లో మీ పాప సీటు వెయిటింగ్ నంబర్ ఎందుకు కదలడం లేదని అడిగారు. నంబర్ ఆగిపోవడానికి కారణం చాలావరకు మీ కేటగిరీయే. మీది ప్రైవేటు ఉద్యోగం, అంటే ప్రాధాన్య క్రమంలో చివరిదైన ఐదో కేటగిరీ. ఆర్టీఈ (విద్యా హక్కు చట్టం) కింద 25 శాతం సీట్లు లాటరీకి పోగా, మిగిలినవాటిలో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల పిల్లలకే ముందు అవకాశం. హైదరాబాద్‌లో రక్షణ సంస్థలు, కేంద్ర కార్యాలయాలు ఎక్కువ కదా, మన వంతు వచ్చేసరికి సీట్లు మిగలవు. పాప తప్పేమీ లేదు, మీ తప్పూ లేదు.

మీరు ఓబీసీ నాన్ క్రీమీలేయర్ (ఓబీసీల్లో సంపన్న శ్రేణి కిందికి రానివారు) అన్నారు కాబట్టి ఇంకో దారి ఉంది. చాలామంది దీన్నే వదిలేస్తారు. ఆన్‌లైన్‌లో ఆర్టీఈ, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ సీట్లకు సరిపడా దరఖాస్తులు రాకపోతే, స్కూలు రెండో నోటిఫికేషన్ ఇస్తుంది. అది ఆఫ్‌లైన్. మీ పాత ఫారం దానికి దానంతట అదే చేరదు, స్కూలుకు వెళ్లి మళ్లీ ఇవ్వాలి.

1. స్కూలు వెబ్‌సైట్, నోటీసు బోర్డు రెండూ చూడండి. ఫోన్ వస్తుందని ఎదురుచూడొద్దు.
2. పాప పేరు మీద ఓబీసీ సర్టిఫికెట్ ఇంకా రాలేదా? తల్లిదండ్రుల్లో ఒకరిది ముందు చూపించవచ్చు, పాపది మూడు నెలల్లో ఇవ్వాలి.
3. నివాస రుజువు సిద్ధంగా ఉంచుకోండి. నగరంలో ఆర్టీఈకి ఇల్లు 5 కిలోమీటర్ల లోపు ఉండాలి.
4. మీరు పెట్టిన మిగతా రెండు స్కూళ్ల జాబితాలూ తెరవండి. మూడింటికీ వెయిటింగ్ వేర్వేరు.