సొంత పౌరుణ్ణి పరాయి కోర్టుకు అప్పగించడం న్యాయమేనా? ఆ రంగంలో కెరీర్ ఉందా?

ప్రశ్న: విశాఖపట్నంలో ఐదేళ్ల బీఏ ఎల్ఎల్‌బీ నాలుగో సంవత్సరం చదువుతున్నాను. మా కాలేజీ మూట్ కోర్టుకు (విద్యార్థులు వాదించే నమూనా కోర్టు) రిచర్డ్ ఓడ్వయర్ అనే బ్రిటన్ విద్యార్థి కేసు ఆధారంగా సమస్య ఇచ్చారు. అతన్ని అమెరికాకు అప్పగించాలని వాదించే పక్షం నాకు వచ్చింది. చదివేకొద్దీ అది అన్యాయం అనిపిస్తోంది. సొంత పౌరుణ్ణి విచారణ కోసం వేరే దేశానికి అప్పగించడం న్యాయమేనా? నాకు ఈ రంగంలోనే పని చేయాలని ఉంది. దీంతో బతకలేవు, జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు చదువుకో అంటున్నారు నాన్న. లండన్ వెళ్లి ఎల్ఎల్ఎం చేస్తే దారి దొరుకుతుందా?

జవాబు: ముందు మీ మూట్ సమస్య చూద్దాం. మీరు ఏ పనిలో చేరాలో, ఎక్కడ మొదలుపెట్టాలో కూడా అందులోంచే తెలుస్తుంది.

ఓడ్వయర్ షెఫీల్డ్ హాలమ్ యూనివర్సిటీలో చదువుకుంటూ టీవీషాక్ అనే వెబ్‌సైట్ నడిపాడు. సినిమాలు, సీరియళ్లు ఇంటర్నెట్‌లో ఎక్కడెక్కడ దొరుకుతాయో అది లింకులు చూపించేది. సినిమాలను తన సైటులో దాచలేదు. దాని సర్వర్లు అమెరికాలో లేవు. బ్రిటన్‌లో అతని మీద ఏ అభియోగమూ మోపలేదు. పైగా ఇలాంటిదే మరో సైటు మీద బ్రిటన్‌లో పెట్టిన కేసు 2010లో అక్కడి కోర్టులోనే వీగిపోయింది. అయినా కాపీరైట్ నేరాల కింద విచారిస్తాం, పంపండి అని అమెరికా అడిగింది. పంపవచ్చని 2012 జనవరిలో లండన్ మేజిస్ట్రేట్ కోర్టు చెప్పింది. మార్చిలో హోం మంత్రి థెరిసా మే ఆమోదించారు. తల్లి జూలియా పట్టు వదలకుండా ప్రచారం చేశారు. వికీపీడియా వ్యవస్థాపకుడు జిమ్మీ వేల్స్ పెట్టిన పిటిషన్ మీద లక్షల మంది సంతకాలు చేశారు. చివరికి 2012 నవంబరులో రాజీ కుదిరింది. డిసెంబరులో అతను న్యూయార్క్ వెళ్లి, 20,000 పౌండ్లు కట్టేలా, కేసు ఆపేలా కుదిరిన ఒప్పందం మీద సంతకం పెట్టి బయటపడ్డాడు.

ఇది అన్యాయమని మీకు అనిపించడం సరైనదే. నా అభిప్రాయమూ అదే. పని చేసింది షెఫీల్డ్‌లో, మనిషి ఉన్నది షెఫీల్డ్‌లో. అలాంటి పని నేరమా కాదా అన్నది బ్రిటన్ కోర్టుల్లోనే స్పష్టంగా తేలలేదు. అన్నిటికంటే నన్ను బాధపెట్టేది ఇంకొకటి ఉంది. బ్రిటన్ 2003లో తెచ్చిన అప్పగింత చట్టం ప్రకారం, అమెరికా అడిగినప్పుడు ప్రాథమిక సాక్ష్యాన్ని బ్రిటన్ కోర్టు ముందు పెట్టాల్సిన పనిలేదు. ఆరోపణ వివరాలు సక్రమంగా ఉంటే చాలు. సాక్ష్యం బలం ఎంతో చూడకుండానే, ఒక కుర్రాణ్ణి ఇంటికి, స్నేహితులకు, తనకు తెలిసిన చట్టానికి దూరంగా పంపడానికి కోర్టు ఒప్పుకోవచ్చన్నమాట.

దూరం అన్నది ఇక్కడ చిన్న విషయం కాదు. ఎన్రాన్ అనే అమెరికా కంపెనీ మోసాల వ్యవహారంలో ముగ్గురు బ్రిటిష్ బ్యాంకర్లను 2006 జూలైలో అమెరికాకు పంపారు. విచారణ కోసం ఏడాదికి పైగా టెక్సాస్‌లో ఎదురుచూసి, చివరికి ఒక అభియోగానికి నేరం ఒప్పుకున్నారు. ఒక్కొక్కరికి 37 నెలల శిక్ష పడింది. వాళ్లు తప్పు చేశారా లేదా అన్నది వేరే సంగతి. పరాయి దేశంలో, చేతిలో సంపాదన లేకుండా, సాక్షులంతా సముద్రానికి అవతల ఉన్నప్పుడు పోరాడే ఓపిక ఎవరికి మిగులుతుంది? మన దగ్గర గల్ఫ్ కుటుంబాలకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. సిరిసిల్ల ప్రాంతం నుంచి వెళ్లిన కార్మికులు కొందరు దుబాయ్ జైలులో పద్దెనిమిదేళ్ల దాకా గడిపి 2024లో ఇల్లు చేరారు. అది అప్పగింత కేసు కాదు. కానీ భాష తెలియని కోర్టులో, చేతిలో డబ్బు లేకుండా నిలబడడం ఎలా ఉంటుందో వాళ్ల ఊళ్లలో అడిగితే చెబుతారు.

ఇంతవరకూ మీ మనసు ఉన్న పక్షం. ఇప్పుడు మీకు వచ్చిన పక్షం కూడా అంతే శ్రద్ధగా చదవండి, ఎందుకంటే అందులోనూ నిజమైన బాధ ఉంది.

గ్యారీ మెక్‌కినన్ లండన్‌లో కూర్చుని అమెరికా సైన్యానికి, నాసాకు చెందిన 97 కంప్యూటర్లలోకి చొరబడ్డాడని అమెరికా ఆరోపించింది. అతనికి ఆస్పర్జర్స్ సిండ్రోమ్ ఉంది, పంపితే ఆత్మహత్య చేసుకునే ప్రమాదం ఉందని వైద్యులు చెప్పారు. పదేళ్ల పోరాటం తర్వాత 2012 అక్టోబరులో థెరిసా మే అప్పగింతను ఆపేశారు. మానవత్వం ఉన్న నిర్ణయమే. అయితే ఆ డిసెంబరులో బ్రిటన్ ప్రాసిక్యూటర్లు తమ దేశంలోనూ కేసు పెట్టడం లేదని ప్రకటించారు. అంటే ఆ ఆరోపణ మీద ఏ దేశంలోనూ విచారణ జరగలేదు. నేరం చేశాడని తేలలేదు, చేయలేదనీ తేలలేదు. ఫిర్యాదు చేసినవాళ్ల వైపు నుంచి చూస్తే దీన్ని న్యాయం అనగలమా?

మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ భోపాల్. 1984 డిసెంబరు గ్యాస్ దుర్ఘటన తర్వాత యూనియన్ కార్బైడ్ అధిపతి వారెన్ ఆండర్సన్‌ను అరెస్టు చేశారు. బెయిల్ మీద దేశం దాటిపోయిన ఆయన మళ్లీ విచారణకు రాలేదు. 2003లో మన దేశం అధికారికంగా అప్పగింత కోరింది. అభ్యర్థన ఒప్పందంలోని షరతులకు తగినట్టు లేదని 2004లో అమెరికా తిరస్కరించింది. 2014లో ఆయన ఫ్లోరిడాలో చనిపోయారు. భోపాల్ బాధితులకు 'సొంత పౌరుణ్ణి పంపకూడదు' అన్న సూత్రం న్యాయంగా వినిపిస్తుందా? అప్పగింత వద్దు అనే ముందు అవతలి ఊళ్లో ఫిర్యాదు పట్టుకుని నిలబడ్డవాళ్ల ముఖం చూడాలి.

అందుకని నా జవాబు ఇది. పౌరుణ్ణి పంపడం దానంతట అదే అన్యాయం కాదు. పంపేముందు ఇంటి దగ్గర కోర్టు సాక్ష్యాన్ని చూడకపోవడం అన్యాయం. నేరంలో ఎక్కువ భాగం ఎక్కడ జరిగిందో ఆలోచించకపోవడం అన్యాయం. పంపనప్పుడు ఇక్కడైనా విచారించకపోవడం కూడా అన్యాయమే. మెక్‌కినన్ లాంటి కేసుల ఒత్తిడితోనే బ్రిటన్ 2013లో చట్టం మార్చింది. నేరం చాలావరకు బ్రిటన్‌లోనే జరిగినప్పుడు, అక్కడే విచారించడం న్యాయమనిపిస్తే కోర్టు అప్పగింతను ఆపవచ్చు. లారీ లవ్ అనే మరో హ్యాకింగ్ నిందితుణ్ణి పంపడానికి లండన్ హైకోర్టు 2018 ఫిబ్రవరిలో ఒప్పుకోలేదు. ఆ తీర్పులో ఈ కొత్త నిబంధనను వాడారు. మీ మూట్‌కు అది తప్పక చదవండి. ఎదుటి పక్షం దాన్ని పట్టుకొస్తుంది.

మన చట్టం ఈ విషయంలో కొంత నయం. 1962 అప్పగింత చట్టం ప్రకారం విదేశం అడిగితే, కేంద్రం ఒక మేజిస్ట్రేట్‌ను విచారణకు నియమిస్తుంది. ప్రాథమిక ఆధారాలు ఉన్నాయా అని ఆయన చూస్తారు. లేకపోతే ఏడో సెక్షన్ కింద నిందితుణ్ణి వదిలేస్తారు. ఏ నేరానికి పంపామో దానికే విచారించాలన్న షరతు, రాజకీయ నేరమైతే పంపకూడదన్న నిషేధం 31వ సెక్షన్‌లో ఉన్నాయి. పంపలేం అనుకుంటే ఇక్కడే ప్రాసిక్యూట్ చేయడానికి 34ఏ ఉంది. జైలుకు పంపాక రెండు నెలల్లో అప్పగించకపోతే విడుదల కోసం హైకోర్టుకు వెళ్లే వీలు 24వ సెక్షన్ ఇస్తుంది. మన పౌరుడు విదేశంలో చేసిన నేరాన్ని కేంద్రం అనుమతితో ఇక్కడే విచారించవచ్చని భారతీయ నాగరిక సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 208వ సెక్షన్ చెబుతుంది. ఇక ఒప్పందాలు దేశాన్ని బట్టి మారతాయి. 1997లో అమెరికాతో చేసుకున్న ఒప్పందంలో, పౌరుడు అన్న కారణంతో తిరస్కరించకూడదని స్పష్టంగా రాశారు. యూఏఈతో ఒప్పందంలో ఎవరి పౌరులను వాళ్లు అప్పగించరు, తమ దేశంలోనే కేసు నడపాలి. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టుకుని ఒక సాయంత్రం చదవండి. మీ ప్రశ్న చాలావరకు అక్కడే తేటపడుతుంది.

ఇప్పుడు కెరీర్ సంగతి. పైన చెప్పిన చట్టంలో అసలు పని ఎక్కడ జరుగుతోందో గమనించారా? మేజిస్ట్రేట్ కోర్టులో. ఈ పని అంతర్జాతీయ కోర్టులు, సంస్థలు ఉండే హేగ్‌లోనో జెనీవాలోనో ఉంటుందని విద్యార్థులు అనుకుంటారు. నిజానికి మన దేశంలో ఇలాంటి కేసులు ఎక్కువగా ఢిల్లీలో, పటియాలా హౌస్ కోర్టుల్లాంటి చోట నడుస్తాయి. అక్కడ గెలిచేది ఛార్జిషీటు చదివి సాక్ష్యంలో లోటు ఎక్కడుందో పట్టగలిగిన లాయరు. ఆండర్సన్ కేసులో మనం పంపిన అభ్యర్థన అమెరికా అధికారుల దగ్గరే ఆగిపోయింది. ఎఫ్‌ఐఆర్, వాంగ్మూలాలు, ఛార్జిషీటు అవతలి దేశపు జడ్జికి అర్థమయ్యేలా సిద్ధం చేయడం ఈ పనిలో సగం. ఆ సామర్థ్యం క్రిమినల్ ట్రయల్ కోర్టులోనే వస్తుంది.

మన జైళ్లు కూడా ఈ పనిలో భాగమే. విజయ్ మాల్యా కేసులో లండన్ జడ్జి ముంబయి ఆర్థర్ రోడ్ జైలు బ్యారక్ వీడియో తెప్పించుకుని చూశారు. 2025 ఫిబ్రవరిలో ఆయుధాల వ్యాపారి సంజయ్ భండారీ అప్పగింతను లండన్ హైకోర్టు తిరస్కరించడానికి తిహార్ జైలులో ఆయనకు ప్రమాదం ఉందన్నది ఒక కారణం. ఖైదీల హక్కుల మీద పనిచేయడం దీనికి సంబంధం లేని పని అనుకోకండి.

నాన్నగారి మాటలో ఒక నిజం ఉంది. అప్పగింత కేసులు తక్కువ. వాటి మీదే ఆధారపడి ఇల్లు నడిపే లాయర్లు దేశం మొత్తం మీద చాలా కొద్దిమంది. కానీ విశాఖలోనో హైదరాబాద్‌లోనో ఉండి దీనికి ఆనుకుని ఉన్న పని చేయాలంటే మాత్రం కొరత లేదు. దేశం దాటకుండా ఆపే లుకౌట్ సర్క్యులర్లు, పాస్‌పోర్టు జప్తులు, ఇంటర్‌పోల్ నోటీసులు, విదేశీ సమన్లు ఉన్నాయి. అన్నిటికన్నా ఎక్కువ ఎన్ఆర్ఐ వివాహాల కేసులు. భర్త అమెరికాలో, భార్య గుంటూరులో, కేసు మహిళా పోలీస్ స్టేషన్‌లో. 'అతన్ని పట్టి తీసుకురాలేరా' అని తల్లిదండ్రులు అడుగుతారు. ఆ పని రెండు దేశాల్లోనూ ఏడాదికి మించి శిక్ష పడే నేరమైతేనే అమెరికా ఒప్పందం వర్తిస్తుంది. మన వరకట్న వేధింపుల నేరానికి అక్కడ నేరుగా సరిపోయే నేరం దొరకడం కష్టం. ఆ తల్లిదండ్రులకు తప్పుడు ఆశ పెట్టకుండా, చేయగలిగింది ఏమిటో చెప్పగల లాయరు మన ఊళ్లలో చాలా అవసరం. తెలంగాణ పోలీసు మహిళా భద్రతా విభాగంలో ఇలాంటి వాటికి ఎన్ఆర్ఐ సెల్ కూడా ఉంది. చివరి సంవత్సరంలో ఇంటర్న్‌షిప్‌కు అక్కడ అడిగి చూడండి.

జడ్జి పరీక్ష గురించి ఇంట్లో ఒక మాట చెప్పండి. సివిల్ జడ్జి పోస్టుకు మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని 2025 మేలో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఏటేటా నోటిఫికేషన్‌లో షరతు చూసుకోవాలి కానీ, డిగ్రీ చేతికి రాగానే నేరుగా ఆ కుర్చీ అన్న లెక్క ఇప్పుడు లేదు. కాబట్టి మొదటి మూడేళ్లు మీ దారీ నాన్నగారి దారీ ఒకటే. ఆ మూడేళ్లు క్రిమినల్ వైపు బాగా నడిచే సీనియర్ దగ్గర చేరండి. జిల్లా న్యాయసేవాధికార సంస్థలో డిఫెన్స్ కౌన్సెల్ పథకం (పేద నిందితుల తరఫున ఉచితంగా వాదించేది) కింద కొత్త లాయర్లను అసిస్టెంట్లుగా తీసుకుంటారు, దానికీ దరఖాస్తు చేయండి. మొదట్లో సంపాదన ప్రయాణ ఖర్చులకే సరిపోవచ్చు. ఇది ఇంట్లో ముందే మాట్లాడుకోండి, తర్వాత టెన్షన్ తగ్గుతుంది. మూడేళ్లు నిండాక అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ పోస్టుకూ అర్హత వస్తుంది. సీబీఐ ప్రాసిక్యూటర్ల పోస్టులు, విదేశాంగ శాఖ న్యాయ, ఒప్పందాల విభాగంలో లీగల్ ఆఫీసర్ల పోస్టులు యూపీఎస్సీ ద్వారా వస్తుంటాయి. ఇంటర్‌పోల్‌తో మన దేశం తరఫున మాట్లాడేది కూడా సీబీఐయే.

లండన్ ఎల్ఎల్ఎం ఇప్పుడు వద్దు. అప్పు చేసి అసలే వద్దు. ఆ డిగ్రీతో తిరిగొచ్చి బెయిల్ పిటిషన్ రాయడం రాకపోతే మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే చెవెనింగ్ స్కాలర్‌షిప్‌కు రెండేళ్ల పని అనుభవం అడుగుతారు. మీరు కోర్టులో మూడేళ్లు పనిచేసి, రెండు మూడు ఎన్ఆర్ఐ కేసులు చూసి, ఒక అప్పగింత విచారణకు సీనియర్ వెంట ఢిల్లీ వెళ్లొచ్చాక ఆ దరఖాస్తు రాస్తే, ఎందుకు చదవాలనుకుంటున్నారో రాయడానికి మీ దగ్గర అసలు కారణం ఉంటుంది.

మూట్‌లో పక్షం మార్చమని అడగకండి. అప్పగింత కోరే వైపు నిలబడి, 'మా సాక్ష్యం ఇది, ఇంటి కోర్టు చూసుకోవచ్చు' అని మీరే ముందుగా చెప్పి వాదించండి. నేరం ఎక్కడ జరిగింది అన్న ప్రశ్నకు రెండు పేజీలు కేటాయించండి. జడ్జిలు అక్కడే ఎక్కువసేపు ఆపుతారు.